స్కానింగ్ గదికి కువి వచ్చినవాళ్లు కావాలి

మా ఏజెన్సీ పిల్లలకు తెలిసిన ప్రభుత్వ ఉద్యోగాలు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. టీచరు, ఏఎన్‌ఎం, ఫారెస్టు గార్డు, కానిస్టేబులు, హాస్టల్ వార్డెను, ఈమధ్య సచివాలయం ఉద్యోగం. ఊళ్లోకి వచ్చే ఉద్యోగమే పిల్లల కంట పడుతుంది. మేమూ అలాగే టీచర్లమయ్యాం. మా ఊళ్లకు రోజూ వచ్చిపోయే ఉద్యోగి అంటే బడి మాస్టారే. ఇంటరు అయ్యాక డైట్‌లో రెండేళ్లు చదివాం. అందరూ టీటీసీ అనేవారు, కాగితం మీద డీఎడ్. డీఎస్సీ రాశాం, బడిలో చేరాం. ఇప్పుడు నలభైలు దాటాం.

మేం అంటే ఒకే ఆశ్రమ పాఠశాలలో పనిచేస్తున్న నలుగురం. ఇద్దరం భగతలం, ఒకరు కొండదొర, ఒకరు కోదు. రాస్తున్న చెయ్యి ఒకటే గానీ, ఈ మాటలు నలుగురం కూర్చుని అనుకున్నవి.

మూడేళ్ల కిందట తొమ్మిదో తరగతి చదివే ఒక కోదు పిల్ల మమ్మల్ని అడిగింది. "ఎంఆర్‌ఐ తీసే పనికి ఏం చదవాలి మాస్టారూ?" డాక్టరు అవుతానన్న పిల్లల్ని చూశాం, నర్సు అవుతానన్నవాళ్లను చూశాం. ఈ ప్రశ్న మాకు కొత్త. జవాబు మాలో ఎవరికీ తెలియదు. ఆ పిల్లకు ఆ ఉద్యోగం ఎక్కడ కనబడిందో మాత్రం బాగా తెలుసు. ఆ రోజు మాలో ఇద్దరం పక్కనే ఉన్నాం.

ఆ పిల్ల నాయనమ్మకు కాళ్లు పడిపోతూ వచ్చాయి. మొదట నడుం నొప్పి అంది. కొన్నాళ్లకు గట్టు ఎక్కలేకపోయింది, తర్వాత ఇంటి గుమ్మం దాటలేకపోయింది. ఊళ్లో చేయవలసిన పూజలు చేశారు, నాటుమందు కట్టారు, పీహెచ్‌సీకి మోశారు. అక్కడి నుంచి ఘాట్ దిగి కింద పట్టణంలో పెద్దాసుపత్రికి వెళ్లమన్నారు. అక్కడ వెన్నుకు ఎంఆర్‌ఐ తీయాలన్నారు. కొడుకు తీసుకెళ్లాడు. రోజంతా ఉండి తిరిగొచ్చారు. ముసలమ్మ లోపల కదిలిపోతోంది, ఫొటో రావడం లేదు, మరో రోజు రండి అన్నారట. ఆ మరో రోజు రావడానికి రెండు నెలలు పట్టింది. తేదీ దొరకాలి, కూలి డబ్బులు చేతిలో ఉండాలి, వానలు తగ్గి డోలీ మోసే దారి ఆరాలి. ఆ రెండు నెలల్లో ఆమెకు కాళ్ల మీద గిచ్చినా తెలియకుండా పోయింది.

రెండోసారి మేం సెలవు పెట్టి వెంట వెళ్లాం. కువి వచ్చిన మా కోదు మేడం వెళ్లకపోతే ఆ ప్రయాణం కూడా వృథా అయ్యేదే.

స్కానింగ్ తీసే ఆయన చిన్నవాడు, మంచివాడే. బయట బెంచీల మీద మనుషులు నిండిపోయి ఉన్నారు. ఆయన ఒక కాగితం చూస్తూ వరసగా అడుగుతున్నాడు. గుండెకు మిషను పెట్టారా? ఎప్పుడైనా ఆపరేషన్ అయిందా? ఒంట్లో రాడ్లు, స్క్రూలు ఉన్నాయా? కంట్లో ఇనుప ముక్క పడిందా? తూటా, గుండు ఏదైనా ఉందా? కొడుకు అన్నింటికీ లేదు లేదు అంటున్నాడు. అతనికి సంతలో బేరమాడేంత తెలుగు వచ్చు. సగం ప్రశ్నలు అర్థమైనట్టు మాకు అనిపించలేదు. మొదటిసారి కూడా ఇలాగే లేదు లేదు అని ఉంటాడు.

ఆ ప్రశ్నలు ఎందుకు అంత ముఖ్యమో మాకు తర్వాత తెలిసింది. మామూలు ఎంఆర్‌ఐ యంత్రంలోని అయస్కాంతం బలం 1.5 టెస్లా. మన కాళ్ల కింద భూమికి ఉన్న అయస్కాంత శక్తి కన్నా దాదాపు 30,000 రెట్లు. ఎక్స్‌రే మిషనులా మీట నొక్కినప్పుడే పనిచేసేది కాదు. ఫొటో తీయనప్పుడు కూడా, రాత్రి తలుపు తాళం వేసి ఉన్నప్పుడు కూడా ఆ అయస్కాంతం లాగుతూనే ఉంటుంది. ఆక్సిజన్ సిలిండరు దగ్గరికి తెస్తే గాల్లో ఎగిరి వచ్చి తగులుతుంది. కంట్లో ఇనుప రవ్వ ఉన్న మనిషిని లోపలికి పంపితే రవ్వ కదిలి చూపు పోవచ్చు. గుండెకు పెట్టిన మిషను పాతరకందైతే గతి తప్పవచ్చు. కాబట్టి ఆ గదిలో మొదటి పని మీట నొక్కడం కాదు, అడగడం. అడిగింది అవతలి మనిషికి అర్థం కావాలి, అవతలి మనిషి చెప్పింది అడిగినవాడికి అర్థం కావాలి.

ముసలమ్మ ముక్కుకు మూడు పుడకలు. పెళ్లినాటివి, అప్పటి నుంచి తీయనివి. మొదటిసారి వాటిని లాగబోతే ఆమె ఏడ్చిందట. ఈసారి మేడం ఎందుకు తీయాలో చెప్పింది, కొడుకు బయటికి వెళ్లి కంసాలిని బతిమాలి తీసుకొచ్చాడు. మెడలో కంటె, కాళ్ల కడియాలు మనవరాలు విప్పి ఒళ్లో పెట్టుకుంది.

మొదటిసారి ఎందుకు కదిలిందో కూడా అప్పుడే తేలింది. గొట్టంలో పడుకోబెట్టాక ఆయన అద్దం అవతల నుంచి మైకులో "అమ్మా, కదలకండి" అన్నాడట. మనిషి కనబడకుండా మాట వినబడేసరికి పిలిచినవాళ్లెవరో చూద్దామని ఆమె లేచింది. ఆయన మళ్లీ కదలకండి అన్నాడు, ఆమె మళ్లీ లేచింది. ఆయన ఎన్నిసార్లు మర్యాదగా చెప్తే ఆమె అన్నిసార్లు మర్యాదగా పలికింది.

ఈసారి మేడం పుస్తెలతాడు, పిన్నులు, వాచీ తీసేసి, ప్రశ్నలన్నింటికీ తనూ జవాబు చెప్పి లోపలికి వెళ్లడానికి అనుమతి తీసుకుంది. ముసలమ్మ చెవిలో దూది పెట్టే ముందు కువిలో ఇలా చెప్పింది. ఇది చెట్టు తొర్ర. వానొస్తే కొండ మీద తొర్రలో ముడుచుకుని కూర్చున్నావు కదా, అలాగే పడుకో. పైన డప్పులు మోగుతాయి, రకరకాలుగా మోగుతాయి, అయినా అక్కడ మనిషి లేడు. మోగినంతసేపు కదలకు. ఎవరు పిలిచినా పలకకు. భయమేస్తే ఈ రబ్బరు బుడ్డి నొక్కు. నీ పాదం నేను పట్టుకునే ఉంటాను. అరగంట పైన పట్టింది. ముసలమ్మ కదలలేదు, బుడ్డి నొక్కలేదు. బయటికొచ్చాక డప్పు కొట్టినవాడికి తాళం తెలియదని మాత్రం అంది.

వెన్నెముకకు క్షయ అని తేలింది. ఊపిరితిత్తులకు వచ్చే క్షయ మాకు తెలుసు, మా కొండల్లో లేని ఊరు లేదు. అది వెన్నుకు కూడా పడుతుందనీ, నరాన్ని నొక్కి కాళ్లు తీసేస్తుందనీ, సమయానికి పట్టుకుంటే మందులతోనే చాలామందికి కాళ్లు తిరిగొస్తాయనీ ఆ రోజు తెలుసుకున్నాం. ఏడాది దాటి మందులు మింగింది. ఇప్పుడు కర్ర పట్టుకుని నడుస్తోంది. ఒక కాలు ఇంకా ఈడుస్తుంది. ఆ రెండు నెలలు పోకుండా ఉంటే ఈడ్చేది కాదేమో.

మనవరాలు అంతసేపూ అద్దం దగ్గర నిలబడి తెర మీద వెన్నుపూసలు ఒకటొకటిగా రావడం చూసింది. ఊరికి వచ్చాక అడిగిన ప్రశ్నే అది.

జవాబు కోసం మేం చాలామందిని అడిగాం. సీహెచ్‌సీలో ఎక్స్‌రే తీసే ఆయన్ను, జూనియర్ కాలేజీ లెక్చరర్లను, కింద ఆసుపత్రిలో పరిచయమైన ఆ స్కానింగ్ ఆయన్ను కూడా. ఇది చదివే టీచర్లకు, అమ్మానాన్నలకు పనికొస్తుందని తెలిసింది తెలిసినట్టు రాస్తున్నాం.

ఎంఆర్‌ఐకి అని విడిగా మొదటి చదువు లేదు. పది పాసయ్యాక ఇంటర్‌లో బైపీసీ తీసుకోవాలి. తర్వాత డిప్లొమా ఇన్ మెడికల్ ఇమేజింగ్ టెక్నాలజీ, డీఎంఐటీ అంటారు, రెండేళ్లు. ఆంధ్రప్రదేశ్‌లో పారామెడికల్ బోర్డు, తెలంగాణలో అక్కడి బోర్డు ఈ కోర్సు నడిపిస్తాయి. సీట్లు ముందు బైపీసీ వాళ్లకు, మిగిలితే ఎంపీసీ వాళ్లకు, ఇంకా మిగిలితే తక్కిన గ్రూపుల వాళ్లకు. ఎక్స్‌రే, సీటీ, ఎంఆర్‌ఐ మూడింటికీ పునాది ఈ డిప్లొమాలోనే పడుతుంది. ఇంకొంచెం ఓపిక ఉంటే బీఎస్సీ ఇమేజింగ్ టెక్నాలజీ ఉంది, ఇంటర్న్‌షిప్‌తో కలిపి నాలుగేళ్లు. పెద్దాసుపత్రుల్లో, ఎయిమ్స్ లాంటి కేంద్ర సంస్థల్లో నిలబడాలంటే డిగ్రీ ఉన్నవాళ్లకే దారి వెడల్పు. రైల్వే ఆసుపత్రుల్లో రేడియోగ్రాఫరుకు ఇంటర్‌లో ఫిజిక్స్, కెమిస్ట్రీ ఉండాలి, పైన రెండేళ్ల డిప్లొమా ఉండాలి. చదువు అయ్యాక బోర్డులో పేరు నమోదు చేయించుకోవాలి. ఆ నమోదు లేకపోతే సర్టిఫికెట్ ఉన్నా దరఖాస్తు నిలవదు.

2021లో కేంద్రం ఈ చదువులన్నింటికీ ఒక చట్టం తెచ్చింది. డిప్లొమా అయినా కనీసం 2,000 గంటల శిక్షణ ఉండాలి, ఆరోగ్య వృత్తి నిపుణులనిపించుకునే డిగ్రీకైతే 3,600 గంటలు ఉండాలి అంటుంది అది. ఈ అంకెలు గుర్తుపెట్టుకోమని పిల్లలకు చెప్తున్నాం. ఎందుకంటే సంత రోజున కరపత్రాలు పంచేవాళ్లు వస్తున్నారు. ఆరు నెలల్లో స్కానింగ్ టెక్నీషియన్, ఉద్యోగం గ్యారంటీ అని. మా పక్క పంచాయతీలో ఒక తండ్రి కాఫీ తోట మీద వచ్చిన రెండేళ్ల డబ్బు అలాంటి చోట కట్టాడు. కొడుకు ఇప్పుడు ఆ సర్టిఫికెట్ ప్లాస్టిక్ కవర్లో దాచుకుని ఇటుక బట్టీకి వెళ్తున్నాడు. చేరే ముందు బోర్డు గుర్తించిన కాలేజీల జాబితాలో పేరుందో లేదో చూడాలి. మీకు చూడటం రాకపోతే దగ్గర్లో ఉన్న ఏ టీచర్నైనా అడగండి, చూసిపెడతారు.

అసలు ఇబ్బంది అంతకన్నా ముందే మొదలవుతుంది. పది పాసైన మా ఆడపిల్లలు చాలామంది సీఈసీలో, హెచ్‌ఈసీలో చేరతారు. సైన్సు కష్టమని మేమే చెప్పేస్తాం, లెక్చరర్ పోస్టు ఖాళీ అని కాలేజీవాళ్లు చెప్తారు. బైపీసీ అంటే డాక్టరుకే, మనకెందుకు అని ఇంట్లోవాళ్లు అంటారు. అక్కడే ఈ తలుపు మూసుకుపోతుంది, మూసుకుపోయిన సంగతి కూడా ఎవరికీ తెలియదు. ఒకేషనల్‌లో చేరినవాళ్లకు బ్రిడ్జి కోర్సు అని ఒక దారి ఉంది గానీ, ఆ మాట చెప్పేవాళ్లు తక్కువ.

ఇక ఉద్యోగం ఎలా ఇస్తారంటే, మేం చూసిన జిల్లా స్థాయి కాంట్రాక్టు, ఔట్‌సోర్సింగ్ నోటిఫికేషన్లలో లెక్క ఇలా ఉంది. మొత్తం 100. అర్హత పరీక్షలో వచ్చిన మార్కులకు 75. చదువు అయ్యాక గడిచిన ఏడాదికి ఒకటి చొప్పున 10 దాకా. కాంట్రాక్టు సర్వీసుకు 15 దాకా. ఆ సర్వీసు గిరిజన ప్రాంతంలో చేస్తే ఆరు నెలలకు 2.5, పల్లెల్లో చేస్తే 2, పట్టణంలో చేస్తే 1. అంటే గిరిజన ప్రాంతంలో మూడేళ్లు పనిచేసిన మనిషికి 15కి 15 వస్తాయి, పట్టణంలో మూడేళ్లు చేసినవాళ్లకు 6 వస్తాయి. ఇందులో మాకు ఫిర్యాదు లేదు. కొండ మీద పని చేసినవాళ్లకు ఎక్కువ ఇవ్వడం న్యాయమే, లేకపోతే ఎవరూ ఎక్కరు. కానీ గిరిజన ప్రాంతంలో మూడేళ్లు ఉండి ఒక్క కువి మాట నేర్చుకోకుండా దిగిపోయినా ఆ 15 వస్తాయి. ఆ ముసలమ్మను తొర్రలో కదలకుండా పడుకోబెట్టగలిగిన భాషకు సున్నా.

ఎస్టీ రిజర్వేషన్ ఉంది కదా అంటారు. ఉంది, ఆంధ్రప్రదేశ్‌లో ఆరు శాతం. ఎంఆర్‌ఐ టెక్నీషియన్ పోస్టులు వందల్లో రావు. ఒకటి, రెండు, మూడు వస్తాయి. ఆరు శాతం వంతు వచ్చేలోపే నోటిఫికేషన్ అయిపోతుంది. కొన్ని ప్రభుత్వ ఆసుపత్రుల్లోనైతే ఎంఆర్‌ఐ యంత్రం ప్రైవేటు సంస్థల చేతిలో ఉంది, ఆవరణ ప్రభుత్వానిది, మనుషులు సంస్థవాళ్లు. అక్కడ ఆ ఆరు కూడా ఎవరూ అడగరు.

ఇంకో మాట మాలో మేమే ఒప్పుకోవాలి. ఎస్టీ అయినంత మాత్రాన భాష రాదు. మా నలుగురిలో కువి మాట్లాడగలిగేది ఒక్క మేడమే. మిగతా ముగ్గురికి తెలుగు, సంతలో నేర్చుకున్న ఆదివాసీ ఒడియా వచ్చు. ముసలమ్మ దగ్గర మేం ముగ్గురం ఆ స్కానింగ్ ఆయన కన్నా పెద్ద మెరుగేం కాదు. అందుకే కులం సర్టిఫికెట్‌తో పాటు భాషను కూడా చూడమంటున్నాం.

బడిలో ఈ సంగతి ప్రభుత్వం ఒకప్పుడు గుర్తించింది. 2000 జనవరిలో వచ్చిన జీవో 3 షెడ్యూల్డు ప్రాంతంలోని టీచరు ఉద్యోగాలన్నీ స్థానిక గిరిజనులకే అంది. మేం బడిలోకి వచ్చింది ఆ తలుపులోంచే. తర్వాత ఉమ్మడి రాష్ట్రంలో కోయ, గోండి, కొలామి, కువి, కొండ, సవర, ఆదివాసీ ఒడియా, బంజారా, మొత్తం ఎనిమిది భాషల్లో చిన్న పిల్లలకు వాచకాలు వేశారు. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు ఆ జీవోను కొట్టేసింది, నూటికి నూరు రిజర్వేషన్ రాజ్యాంగానికి సరిపడదని. అప్పటికే ఉద్యోగాల్లో ఉన్న మాలాంటివాళ్లను కదిలించలేదు. మా తర్వాతివాళ్ల సంగతి ఏమిటన్నది ఈ సంచిక చదివేవాళ్లకు మేం చెప్పనక్కర్లేదు, ధర్నాల్లో పక్కపక్కనే కూర్చున్నాం.

ఆసుపత్రి విషయంలో నూటికి నూరు అని మేం అడగడం లేదు. ఏజెన్సీ రోగులు వచ్చే ఆసుపత్రుల్లో స్కానింగ్, ఎక్స్‌రే, ల్యాబు పోస్టులకు ఆ వంద మార్కుల్లో అయిదు భాషకు కేటాయించమంటున్నాం. కువి గానీ, ఆదివాసీ ఒడియా గానీ, కోయ గానీ, సవర గానీ, ఆ ఆసుపత్రికి వచ్చే జనం మాట్లాడే ఏ భాష అయినా సరే. పరీక్ష పెద్ద కష్టం కాదు. ఒక ముసలివాళ్లను ఎదురుగా కూర్చోబెట్టి, ఈ ప్రశ్నలు అడిగి జవాబులు రాసివ్వమనండి. ఆ అయిదు మార్కులు మైదానం నుంచి వచ్చి భాష నేర్చుకున్నవాడికి వచ్చినా మాకు సంతోషమే.

పిల్ల పదిలో మంచి మార్కులు తెచ్చుకుంది. బైపీసీలో చేరింది, ఈ వేసవికి రెండో ఏడాది పరీక్షలు రాస్తుంది. సెలవులకు వచ్చినప్పుడు ఫిజిక్స్ పుస్తకం పట్టుకుని మా దగ్గరికి వస్తుంది. మేం డీఎడ్ వాళ్లం, అయస్కాంతత్వం పాఠం మాకూ సగమే గుర్తు. ఒంట్లోని నీళ్లలో ఉండే హైడ్రోజన్ కేంద్రకాలు ఆ పెద్ద అయస్కాంతంలో ఒక వరసకు వస్తాయనీ, రేడియో తరంగంతో వాటిని కదిపితే తిరిగి వరసకు వచ్చేటప్పుడు ఇచ్చే సంకేతంతోనే బొమ్మ తయారవుతుందనీ మేమూ ఆమెతో పాటే చదువుకున్నాం. థింసాలో వరస తప్పినవాళ్లు మళ్లీ అడుగు కలిపినట్టు అని ఆ పిల్లే పోల్చింది. సరిగ్గా అంతే కాకపోయినా, గుర్తుండిపోతుంది.

డిప్లొమాకు ఇంకా టైముంది. ఈలోగా ఆ పిల్ల, మేడం కలిసి స్కానింగుకు ముందు అడిగే ప్రశ్నలన్నీ తెలుగు లిపిలో కువిలోకి రాస్తున్నారు. మేం ముగ్గురం పక్కన కూర్చుని సందేహాలు పెడుతున్నాం. కొన్ని తేలిగ్గా వచ్చాయి. కొన్నింటికి మాట లేదు. గుండె మిషనుకు ఏ మాట పెట్టినా ముసలివాళ్లకు బొమ్మ కట్టడం లేదు. చివరికి, ఎదురొమ్ము దగ్గర చర్మం కింద డాక్టరు ఏమైనా పెట్టి కుట్టాడా, తడిమితే గట్టిగా తగులుతుందా అని రాశాం. నెల తప్పిందా అనే ప్రశ్న కువిలో సులువే గానీ, మగవాడు అడగకూడదు. దాని పక్కన ఆడమనిషితో అడిగించాలి అని రాశాం.

అన్నింటికన్నా గుండు ప్రశ్న దగ్గర ఎక్కువ రోజులు ఆగిపోయాం. ఒంట్లో తుపాకీ గుండు ఉందా అని అడిగితే మా కొండల్లో ఉందని చెప్పే మనిషి ఎవరు? ఆ ప్రశ్న ఇంతకు ముందు వాళ్లను అడిగినవాళ్లు వేరు. ఉన్నా లేదనే అంటారు, లేదని లోపలికి పంపితే ప్రాణం మీదికి వస్తుంది. పిల్లే దారి చెప్పింది. ఇటుకల పండక్కి వేటకు వెళ్లినప్పుడు ఎవరి గుండు రవ్వైనా పొరపాటున తగిలిందా, ఒంట్లోనే ఉండిపోయిందా అని అడుగుదాం అంది. వేట మాట ఎత్తితే మగవాళ్లు చొక్కా ఎత్తి మచ్చ చూపిస్తారు, ఆ రోజు ఏ జంతువు తప్పించుకుందో కూడా చెప్తారు.

రాసినంతవరకు వాళ్ల నాయనమ్మకు చదివి వినిపించారు. ప్రశ్నలు బాగానే ఉన్నాయి గానీ, అడిగే ముందు మనిషిని కూర్చోబెట్టి కాసిని నీళ్లివ్వమంది. అది కూడా కాగితం పైన, మొదటి ప్రశ్న కన్నా ముందు రాసుకున్నాం.